విదేశీ అప్పుతో మీ ఊరికి ప్రాజెక్టు వస్తోందా? అర్జీ ఎవరికి, ఎలా రాయాలంటే

ఒకరోజు పొద్దున లేచేసరికి మీ ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత, దాని పక్కన ఏదో నంబరు ఉంటుంది. వేసినవాళ్ళని అడిగితే "రోడ్డు వెడల్పు చేస్తున్నారంట, మమ్మల్ని గుర్తు పెట్టమన్నారు అంతే" అంటారు. ఎంత పోతుంది, ఎప్పుడు పోతుంది, ఏమిస్తారు అని తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే ఆర్డీవో ఆఫీసుకి పొమ్మంటారు, అక్కడ సారు మీటింగులో ఉంటారు. ఆ తర్వాత మనవాళ్ళు చేసేది దాదాపు అన్ని ఊళ్ళలో ఒకటే. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళడం, సోమవారం గ్రీవెన్స్‌లో (తెలంగాణలో అయితే ప్రజావాణిలో) అర్జీ ఇవ్వడం, అదీ పనిచేయకపోతే టెంటు వేసుకుని కూర్చోవడం. ఇవేవీ మానేయమని చెప్పను. కాకపోతే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది అడగరు. ఈ పనికి డబ్బెవరిది?

ఎందుకంటే ఆ డబ్బు ప్రపంచ బ్యాంకుదో, మనీలాలో ఉండే ఆసియా అభివృద్ధి బ్యాంకుదో (అందరూ ఏడీబీ అంటారు), జపాన్ వాళ్ళ జైకాదో, బీజింగ్‌లో ఉన్న ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకుదో (ఏఐఐబీ అంటారు) అయితే, మీ విషయంలో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఆ అప్పు కాగితాల్లో ముందే రాసుకుని మన ప్రభుత్వం ఒప్పుకుని ఉంటుంది. మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఒప్పుకున్నది జరగకపోతే నేరుగా వాళ్ళకే రాసే దారి ఒకటుంది. దానికి లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, ప్రపంచ బ్యాంకుకైతే తెలుగులోనే రాయొచ్చు.

ఈ దారి వాళ్ళు దయతలచి పెట్టింది కూడా కాదు. సర్దార్ సరోవర్ డ్యామ్‌కి 1985లో ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్లు ఒప్పుకుంది, నర్మద లోయలో మునిగిపోయే ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి పోట్లాడారు, బ్యాంకు తప్పనిసరై బయటివాళ్ళతో విచారణ వేయించింది, 1992లో వచ్చిన ఆ నివేదిక బ్యాంకుకే తల కొట్టేసినంత పని చేసింది. మరుసటి ఏడాది మార్చిలో మన ప్రభుత్వం మిగతా అప్పు వద్దనేసింది. అదే 1993 సెప్టెంబరులో ఇలాంటి బాధితుల అర్జీలు చూడటానికి బ్యాంకు తనిఖీ ప్యానెల్ పెట్టింది. ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అంటారు. కాబట్టి అర్జీ రాసేటప్పుడు బిడియపడకండి, ఆ కిటికీ మనదేశపు నిర్వాసితులు తెరిపించిందే.

డబ్బెవరిదో పట్టుకోవడం

సైటు దగ్గర బోర్డుంటుంది, ముందు దాన్ని ఫోటో తీయండి. దాతల పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చాలాసార్లు. బోర్డు లేకపోతే టెండరు నోటీసులో ఉంటుంది. అదీ దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో మూడే అడగండి: ఈ పనికి నిధులిస్తున్న సంస్థ పేరు, ఆ ప్రాజెక్టు నంబరు, పునరావాస ప్రణాళిక కాపీ. పది ప్రశ్నలు వేస్తే పదకొండోది లేదన్న సాకుతో తిప్పుతారు.

ఒక చిక్కుంది. మనం పిలిచే పేరు వేరు, బ్యాంకు కాగితాల్లో పేరు వేరు ఉంటుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు జరిగిన పనుల్లో కొన్ని ప్రపంచ బ్యాంకు విపత్తు అప్పుతో జరిగాయి, ఆ ఊళ్ళో అడిగితే "తుఫాను డబ్బులు" అనే అంటారు. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో ఏడీబీ డబ్బుంది. బడుల్లో సాల్ట్ అనే పేరు వినే ఉంటారు, అది 2021లో ప్రపంచ బ్యాంకు ఒప్పుకున్న 25 కోట్ల డాలర్ల అప్పు. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు అయితే ఇంగ్లీషు 'పి' అక్షరం, దాని వెనక ఆరంకెల నంబరు ఉంటాయి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే, బ్యాంకు వెబ్‌సైటులో అది కొడితే కాగితాలన్నీ బయటపడతాయి.

ఆ కాగితాల్లో అన్నీ చదవక్కర్లేదు. మూడు చాలు. ఒకటి రీసెటిల్‌మెంట్ యాక్షన్ ప్లాన్, అంటే పునరావాస ప్రణాళిక, అందులో ఎవరికి ఎంత అన్న పట్టిక ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. రెండోది ఈఎస్‌సీపీ, అంటే పర్యావరణం గురించీ మనుషుల గురించీ ఏమేం చేస్తామో ప్రభుత్వం ఒప్పుకున్న చిట్టా, ఇది అప్పు ఒప్పందంలో భాగం కాబట్టి దీనికే ఎక్కువ విలువ. మూడోది ప్రజల్ని ఎలా సంప్రదిస్తారో చెప్పే ప్లాన్. ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్ళకి ఒక్కో పది పేజీలు పంచి, ఫోన్లో అనువాదం చేసుకుంటూ మీ మండలం పేరు ఎక్కడెక్కడుందో వెతకమనండి. మీ ఊళ్ళో గ్రామసభ జరిగినట్టు, మీరు సరేనన్నట్టు అందులో రాసి ఉండొచ్చు. ఆ రోజు ఎవరొచ్చారో, ఎన్ని టీలు తాగి వెళ్ళారో ఊరికి గుర్తుంటుంది కదా, అది రాసిపెట్టుకోండి.

"మానవ హక్కులు" అని రాస్తే సరిపోదు

నేను మొదటిసారి రాసిన ఉత్తరం సంగతి చెప్తాను. ఒక విదేశీ అప్పు రోడ్డు కింద కొట్లు పోతున్న ఆరు కుటుంబాల తరఫున కూర్చుని రాశాను. నాలుగు పేజీలు. ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని, రాజ్యాంగం, ఐక్యరాజ్యసమితి, మానవ హక్కుల ఉల్లంఘన, అన్నీ పెట్టాను. చదువుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. జవాబు మర్యాదగా వచ్చింది: ఎవరికి, ఏ నష్టం, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో తెలియజేయగలరు. నాలుగు పేజీల్లో ఆ నాలుగూ లేవు.

తర్వాత తెలిసిందేమిటంటే, 2018 అక్టోబరు నుంచి ప్రపంచ బ్యాంకు కొత్త ప్రాజెక్టులకి పది ప్రమాణాలు పెట్టింది. మానవ హక్కుల గొప్ప మాటలు వాటికి ముందుండే 'విజన్' భాగంలో ఉంటాయి, ప్రభుత్వం మెడకి చుట్టుకునేవి మాత్రం ఆ పది ప్రమాణాలే. అందుకని మీ హక్కుని వాళ్ళ లెక్కలోకి మార్చి రాయాలి. ఇల్లు, కొట్టు, పొలం పోతే ఐదో ప్రమాణం. కూలీలకి డబ్బులు ఎగ్గొట్టినా, పిల్లల్ని పనిలో పెట్టినా రెండోది. క్యాంపులో ఉండే పనివాళ్ళ వల్ల ఊళ్ళో ఆడపిల్లలకి ఇబ్బంది, లారీల దుమ్ము, ప్రమాదాలు అయితే నాలుగోది. ఏజెన్సీలో గిరిజనుల భూమి అయితే ఏడోది, అందులో కొన్ని సందర్భాల్లో వాళ్ళు ముందుగా, అన్నీ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే ముందుకెళ్ళాలని ఉంది. అసలు మిమ్మల్ని అడగనే లేదంటే పదోది. నంబర్లు గుర్తులేకపోయినా పర్లేదు, అర్జీలో నంబరు వేయడం తప్పనిసరి కాదు. ఏ నష్టం అన్నది మాత్రం గీత గీసినట్టు ఉండాలి.

నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఉగాండాలో ప్రపంచ బ్యాంకు అప్పుతో వేస్తున్న రోడ్డు పనుల్లో కూలీలు చిన్న వయసు అమ్మాయిల్ని లైంగికంగా వాడుకున్నారని ఊరివాళ్ళు ఫిర్యాదు చేస్తే, 2015 డిసెంబరులో బ్యాంకు ఆ ప్రాజెక్టుకి డబ్బులే రద్దు చేసింది. ఇప్పుడు రోడ్డు కాంట్రాక్టుల్లో క్యాంపు నియమాల గురించి అంత పట్టింపు రావడానికి అదో పెద్ద కారణం.

పట్టా లేదా? అయితే ఇది జాగ్రత్తగా చదవండి

ఆ ఆరు కొట్లలో ఒకటి టీ కొట్టు. పధ్నాలుగేళ్ళుగా రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని నడుపుతున్న ఆవిడ. సంతకం పెట్టమంటే "పట్టా లేనిదాన్ని, నాకేం ఇస్తారు బాబూ, ఊరికే వాళ్ళ నోట్లో పడటం" అంది. మన ఆఫీసుల్లో అయితే ఆవిడ అన్నది నిజం. పంచాయతీ స్థలం, ఆర్ అండ్ బీ స్థలం, ఆక్రమణ, ఖాళీ చెయ్, అంతే.

బ్యాంకుల పద్ధతి వేరు. ప్రపంచ బ్యాంకు ఐదో ప్రమాణం ప్రకారం పట్టా లేకపోయినా, సర్వే నాటికి అక్కడ ఉంటూనో బతుకుతూనో ఉన్నవాళ్ళకి సాయం అందాలి. భూమికి ధర రాదు, కానీ షెడ్డుకి, చెట్టుకి, బోరుకి పరిహారం, వేరే చోట మళ్ళీ నిలదొక్కుకోవడానికి సాయం రావాలి. ఏడీబీ పద్ధతి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక మన దగ్గర ఎంతమంది చిల్లర వ్యాపారులు రాత్రికి రాత్రి తట్టాబుట్టా సర్దుకుని పోయారో.

ఇక్కడ అసలు కీలకం కటాఫ్ తేదీ. సర్వే జరిగిన రోజో, ప్రకటించిన రోజో, ఏదో ఒక తేదీ పెడతారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఏమీ రాదు. కాబట్టి ఆ తేదీ నాటికి మీరు అక్కడే ఉన్నారని చూపించే కాగితాలు పోగేయండి. కరెంటు బిల్లు, పంచాయతీ ఆశీలు రసీదు, రేషన్ కార్డు, పాల ప్యాకెట్ల వాడి చిట్టా, షెడ్డు ముందు దిగిన ఫోటో, ఏదైనా సరే. సర్వే వాళ్ళు వేలిముద్ర తీసుకుంటే దాని కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆ కాగితాన్నే ఫోన్లో ఫోటో తీయండి. ఊరికే నిలబడి చూస్తున్నప్పుడు ఫోటో తీయడానికి మొహమాటం వేస్తుంది, ఆ మొహమాటమే కొంప ముంచుతుంది.

కౌలు రైతులు, కూలీలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. అమరావతి ల్యాండ్ పూలింగ్ గుర్తుచేసుకోండి: 29 గ్రామాలు, 33 వేల ఎకరాలపైనే. భూమి ఇచ్చిన రైతుకి ఏటా కౌలు, తిరిగి ఇచ్చే ప్లాట్లు రాసుకున్నారు, భూమి లేని కుటుంబానికి నెలకి 2,500 పెన్షన్ అన్నారు. జరీబు పొలాల్లో మూడు పంటలకీ పనికి వెళ్ళిన ఇంటికి ఆ 2,500 ఎన్ని రోజులకొస్తుందో మీరే లెక్కేయండి. నష్టం రాసేటప్పుడు "జీవనోపాధి పోయింది" అని వదిలేయకుండా ఇలా లెక్క కట్టండి: వారానికి ఇన్ని రోజులు పని, రోజుకి ఇంత కూలి, ఇప్పుడు ఎన్ని రోజులు.

రాయడం

ముందు స్థానికంగా అడిగినట్టు సాక్ష్యం పెట్టుకోండి. ప్రాజెక్టు ఆఫీసులో ఒక ఫిర్యాదుల రిజిస్టరో, ఫోన్ నంబరో తప్పక ఉండాలి, పదో ప్రమాణంలో ఉన్నదే అది. అక్కడ రాసి రసీదు తీసుకోండి. ఢిల్లీలో బ్యాంకు ఆఫీసుకి కూడా ఒక మెయిలు కొట్టండి. జవాబు రాకపోయినా మీరు ప్రయత్నించారన్న తేదీలు కావాలి. ఏడీబీకైతే ముందు వాళ్ళ అధికారులతో మాట్లాడి చూశామని చూపించకపోతే అర్జీ తిరిగొస్తుంది.

రెండోసారి మేము రాసింది ఒకటిన్నర పేజీ. దాదాపు ఇలా ఉంది:

"మేము ఫలానా మండలం ఫలానా గ్రామంలో రోడ్డుకి తూర్పు వైపు కొట్లు పెట్టుకుని బతుకుతున్న ఆరు కుటుంబాలం. ఫిబ్రవరి 11న సర్వే వాళ్ళు వచ్చి మా కొట్ల మీద 31 నుంచి 36 వరకు నంబర్లు వేశారు. వేలిముద్రలు తీసుకున్నారు, కాపీ ఇవ్వలేదు. మార్చి 3న పొద్దున 7 గంటలకి నోటీసు లేకుండా నాలుగు కొట్లు తీసేశారు. మిగతా రెండు ఈ నెలాఖరుకి తీసేస్తామన్నారు. మాకు పట్టా లేదు కాబట్టి ఏమీ రాదని చెప్పారు. ప్రాజెక్టు పునరావాస ప్రణాళికలో పట్టా లేనివారికి షెడ్డు పరిహారం, తరలింపు ఖర్చు ఉన్నాయి. మార్చి 6న, 20న ప్రాజెక్టు ఆఫీసులో రాతపూర్వకంగా అడిగాం, రసీదులు జత చేశాం. మాకు కావలసినవి: పరిహారం ముందు ఇవ్వడం, అప్పటి దాకా మిగిలిన రెండు కొట్లు తీయకపోవడం."

అంతే. తిట్టు లేదు, కవిత్వం లేదు. ఎవరు, ఎక్కడ, ఏ ప్రాజెక్టు, ఏం జరిగింది, ఇంకా ఏం జరగబోతోంది, ఎవరిని అడిగాం, ఏం కావాలి. జరగబోయే నష్టం మీద కూడా అర్జీ పెట్టొచ్చు, కొట్టు కూలేదాకా ఆగక్కర్లేదు.

సంతకాలు: ప్రపంచ బ్యాంకు ప్యానెల్‌కి, ఏడీబీకి కనీసం ఇద్దరు బాధితులుండాలి. పేర్లు బయటికి రాకూడదనుకుంటే ఆ మాట మొదటి లైన్లోనే రాయండి, సంతకాల పేజీ విడిగా పెట్టండి, అసలు ఉత్తరంలో పేర్లు రాయకండి. మన ఊళ్ళ సంగతి తెలిసిందే కదా, రేషన్ ఆపేస్తామని, పెన్షన్ తీసేస్తామని రాత్రి ఇంటికొచ్చి చెప్పేవాళ్ళుంటారు. అలాంటి బెదిరింపు వస్తే తేదీ, సమయం రాసి అదే చిరునామాకి వెంటనే పంపండి. మీరు నమ్మే సంఘాన్ని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు, అప్పుడు వాళ్ళకి మీరు అధికారం ఇచ్చినట్టు ఒక కాగితం ఉండాలి.

గడువులు మాత్రం మర్చిపోవద్దు. అప్పు కాగితాల్లో డబ్బు విడుదల ముగిసే తేదీ (క్లోజింగ్ డేట్) ఒకటుంటుంది, అది దాటాక ప్రపంచ బ్యాంకుకి 15 నెలల దాకా, ఏడీబీకి రెండేళ్ళ దాకా టైముంది. డబ్బు ఇంకా విడుదలవుతున్నప్పుడే రాస్తే మాట చెల్లుతుంది, అంతా ఇచ్చేశాక బ్యాంకు చేతిలో పట్టు ఏముంటుంది?

ప్రైవేటు కంపెనీ ప్రాజెక్టు అయితే అడగాల్సింది ఐఎఫ్‌సీ డబ్బుందా అని. అది ప్రపంచ బ్యాంకు గ్రూపులో కంపెనీలకి అప్పులిచ్చే సంస్థ. దాని ఫిర్యాదుల విభాగం పేరు సీఏవో, అక్కడ ఒక్కరు రాసినా తీసుకుంటారు.

పంపాక ఏమవుతుంది

ప్యానెల్ అర్జీని నమోదు చేశాక బ్యాంకు యాజమాన్యం 21 పనిదినాల్లో జవాబివ్వాలి. తర్వాత ఇంకో 21 పనిదినాల్లో ప్యానెల్ విచారణ కావాలో వద్దో బ్యాంకు డైరెక్టర్ల బోర్డుకి చెప్తుంది, ఆ మధ్యలో మనుషులు మీ ఊరికి రావొచ్చు. వాళ్ళు వచ్చిన రోజు పూలదండలు, మైకులు వద్దు. పోయిన కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టండి, ఆడవాళ్ళని విడిగా మాట్లాడనివ్వండి. బోర్డు విచారణకి ఒప్పుకుంటే, కావాలంటే మధ్యవర్తి సమక్షంలో రాజీకి కూర్చునే అవకాశం కూడా 2020 నుంచి ఉంది.

ఒక నిజం ముందే చెప్పాలి. ఈ ప్యానెల్ స్టే ఇవ్వదు, డబ్బు కట్టమని తీర్పు ఇవ్వదు. బ్యాంకు తన రూల్స్ తను పాటించిందా అన్నది మాత్రమే చూస్తుంది. కొన్నిసార్లు అదే చాలా గట్టిగా పనిచేస్తుంది. ముంబైలో పట్టణ రవాణా ప్రాజెక్టు కింద రోడ్ల కోసం తీసేసిన దుకాణదారులు 2004లో ప్యానెల్‌కి వెళ్ళారు. ఎంత పెద్ద కొట్టు పోయినా 225 చదరపు అడుగులే ఇస్తామంటే ఎలా అన్నది వాళ్ళ గొడవల్లో ఒకటి. విచారణలో వాళ్ళదే నిజమని తేలి, 2006 మార్చిలో బ్యాంకు ఆ రోడ్లకీ పునరావాసానికీ డబ్బు ఆపేసింది. డబ్బాగితే ఫైళ్ళకి కాళ్ళొస్తాయి, ఆ కథ మనకి కొత్తేం కాదు.

ఇంకొన్నిసార్లు నివేదిక మనకి అనుకూలంగా వచ్చినా ఏమీ కదలదు. గుజరాత్‌లో ముంద్రా 4,000 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి ఐఎఫ్‌సీ 45 కోట్ల డాలర్లు ఇచ్చింది. మత్స్యకారులు 2011లో ఫిర్యాదు చేశారు, రెండేళ్ళకి సీఏవో ఐఎఫ్‌సీదే తప్పని తేల్చింది, ఐఎఫ్‌సీ సరిగ్గా స్పందించలేదు. దాంతో వాళ్ళు అమెరికా కోర్టుకెక్కారు. 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి సంస్థలకి కేసుల నుంచి పూర్తి రక్షణ ఏమీ లేదని 7–1తో చెప్పింది, అది చిన్న విషయం కాదు. అయినా కింది కోర్టుల్లో ఆ కేసు నిలబడలేదు.

అమరావతి కథ మూడో రకం. 2017 మేలో కొందరు రైతులు ప్యానెల్‌కి రాశారు, సెప్టెంబరులో ప్యానెల్ మనుషులు ఆ ఊళ్ళు తిరిగారు. అదే ఊళ్ళలో రాజధాని కావాల్సిందే అన్న రైతులూ ఉన్నారు, అది దాచాల్సిన పనిలేదు. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం అప్పు అభ్యర్థన వెనక్కి తీసుకుంది, బ్యాంకు 30 కోట్ల డాలర్ల ప్రతిపాదన వదిలేసింది, ఏఐఐబీ కూడా తప్పుకుంది. అప్పు లేకపోతే ప్యానెల్‌కి చూసేందుకు ఏముంటుంది? 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఏడీబీ మళ్ళీ వచ్చాయి, ప్రపంచ బ్యాంకు వాటా 80 కోట్ల డాలర్లు.

ఆ ఊళ్ళవాళ్ళు చదువుతుంటే ఒక మాట. ఈ కొత్త ప్రపంచ బ్యాంకు అప్పు 'ప్రోగ్రామ్ ఫర్ రిజల్ట్స్' రకం. అంటే ఫలితం చూపిస్తే డబ్బు. దీనికి పైన చెప్పిన పది ప్రమాణాలు అలాగే వర్తించవు. మన చట్టాలు, మన ఆఫీసుల పద్ధతి సరిగ్గా ఉన్నాయా అని బ్యాంకు ఒక అంచనా నివేదిక రాస్తుంది, దాన్ని ఈఎస్‌ఎస్‌ఏ అంటారు. మీరు వెతకాల్సింది ఆ కాగితం, దాని చివర్లో ఉండే చేయాల్సిన పనుల పట్టిక. ప్యానెల్ దారి దీనికీ తెరిచే ఉంది.

మా ఆరు కొట్ల సంగతికొస్తే, అది ప్యానెల్ దాకా వెళ్ళనే లేదు. రెండో ఉత్తరం వెళ్ళిన మూడు వారాలకి ప్రాజెక్టు ఆఫీసు నుంచి జీపు వచ్చింది, జాబితా మళ్ళీ రాస్తామన్నారు. గ్రామ సచివాలయం గోడకి అంటించిన కొత్త జాబితాలో టీ కొట్టు వరుసలో ఆవిడ పేరు బదులు ఎప్పుడో చనిపోయిన భర్త పేరుంది. ఆ పేరుతో చెక్కు వస్తే ఏ బ్యాంకులో వేసుకుంటుంది? అభ్యంతరాలకి వారం రోజులే టైమిచ్చారు. ఆవిడ కరెంటు బిల్లు, ఆధార్ జిరాక్సు పట్టుకుని నాలుగో రోజు వెళ్ళి మార్పించుకుంది, రసీదు మీద సీలు వేయించుకున్నాకే కుర్చీలోంచి లేచింది. జాబితా అంటించిన రోజే మీ వరుస మీరే వేలు పెట్టి చదువుకోండి: పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నంబరు, షెడ్డు కొలతలు.